తాడు పట్టిన చేతులు

తాడు మేస్త్రిది ఏ మతమని ఎవరైనా అడిగితే ఆయన భార్య ఠక్కున చెప్పేది: "ఆ రోజు ఏ కప్పు మీద పనుంటే ఆ మతమే." ఎగతాళికి అన్నా అందులో అబద్ధమేమీ లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంటి పొయ్యి పిడుగుల పుణ్యాన వెలుగుతోంది.

ఎత్తయిన కట్టడాల నెత్తిన ఒక రాగి కడ్డీ నిలబెట్టి ఉంటుంది, చూసే ఉంటారు. దాన్నుంచి రాగి పట్టీ ఒకటి గోడ వెంట దిగి నేలలోకి పోతుంది. పిడుగు పడితే ఆ దారినే దిగి భూమిలో కలిసిపోవాలి. మధ్యలో ఎక్కడ ఒక బోల్టు వదులైనా పిడుగు తన దారి తాను చూసుకుంటుంది, అప్పుడు గోడలూ మిగలవు, గోడ పక్కన మనుషులూ మిగలరు. అందుకే ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పైకెక్కి, తుడిచి, బిగించి రావాలి. పెద్ద పెద్ద ఆఫీసులకు వాళ్ళ మనుషులు వాళ్ళకుంటారు. దేవుళ్ళకు మాత్రం ఆ మహానగరంలో తాడు మేస్త్రే దిక్కు.

చిన్నా పెద్దా కలిపి ఇరవై దాకా ఉండేవి ఆయన చేతిలో. వాటిలో అసలైనవి మూడు, మూడూ ఒకే రోడ్డు మీద. మొదట గుడి, నాలుగు దుకాణాలు దాటితే మసీదు, రోడ్డు మలుపులో చర్చి. ముగ్గురికీ కలిపి ఒకటే నిచ్చెన. అంత పొడుగు నిచ్చెన పట్టే గది చర్చిలో తప్ప లేదు కాబట్టి అది అక్కడే పడుకుని ఉండేది. శుక్రవారం మసీదులో కుదరదు, ఆదివారం చర్చిలో కుదరదు, మిగతా రోజులు గుడి పూజారి గారు తేల్చాలి. ఆ మూడు చోట్ల వాళ్ళూ ఒకళ్ళకొకళ్ళు ఫోన్లు చేసుకుని, గురువారం గుడి, శనివారం మసీదు, సోమవారం చర్చి అని ఏటా తేల్చేవాళ్ళు. అంత సామరస్యం ఆ రోడ్డు మీద ఇంకే విషయంలోనూ ఉండేది కాదులెండి, పార్కింగ్ దగ్గరైతే రోజూ కొట్టుకునేవాళ్ళు.

మేస్త్రి పనిలో ఒక నియమం ఉంది. పైనుంచి కిందికి గానీ, కిందినుంచి పైకి గానీ అరవకూడదు. కుర్రతనంలో ఒకసారి పైనుంచి "పానా అందుకో" అని కేకేస్తే, లోపల ప్రార్థనలో ఉన్నవాళ్ళంతా ఎవరో పడిపోయారనుకుని ఒక్కుమ్మడిగా బయటికి పరిగెత్తారు. మెట్ల మీద ఒక ముసలాయన తుంటి విరిగింది. ఆ రోజు మొదలు ఆయన నోరు కట్టేసుకున్నాడు. మాటలన్నీ తాడు మీదే. ఒకసారి లాగితే ఆగమని. రెండుసార్లు లాగితే తాడు వదలమని. మూడుసార్లు లాగితే బిగించమని. పైనున్న మనిషి నడుముకు కట్టిన తాడు శిఖరం చివర ఉన్న ఇనుప కడియంలోంచి దూరి కిందికి దిగుతుంది. కింద ఒకళ్ళు దాన్ని గట్టి స్తంభానికి రెండు చుట్లు చుట్టి, చివర చేత్తో పట్టుకుని నిలబడతారు. పైవాళ్ళు ఎక్కుతుంటే బిగిస్తూ, దిగుతుంటే వదులుతూ ఉండాలి. చూడ్డానికి ఇంతే. కానీ కింద చెయ్యి ఏమరిస్తే పైనున్న మనిషి ఉన్నట్టా, లేనట్టా? మీరే చెప్పండి.

మొదట్లో పైకి ఆయన ఎక్కేవాడు, కింద బామ్మర్ది పట్టుకునేవాడు. ఆ బామ్మర్ది సంగతి చెప్పుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. బావ గోపురం మీద వేలాడుతుంటే, పక్కింటివాడు చెరువులో పట్టిన చేప ఎంతుందో ఎవరికో రెండు చేతులూ చాపి చూపించిన ఘనుడు. స్తంభానికి చుట్లున్నాయి కాబట్టి సరిపోయింది. మోకాళ్ళు మొరాయించి మేస్త్రి కిందికి దిగిపోయాక, కూతురు నేనెక్కుతానంది. బట్టల దుకాణంలో రోజంతా నిలబడి మడతలు పెట్టే ఉద్యోగం ఆ పిల్లది. "నిలబడ్డానికైతే అక్కడే ఎందుకు, పైనే నిలబడతాను" అంది. తల్లి మూడు రోజులు మాట్లాడటం మానేసింది. పిల్ల నాలుగో రోజున ఎక్కేసింది. ఇంట్లో ఆ పిల్లని అమ్మడు అని పిలిచేవాళ్ళు.

పాతికేళ్ళు పైనున్నప్పుడు పట్టని చెమటలు మేస్త్రికి కింద నిలబడ్డాక పట్టాయి. తను పడితే పోయేది తనే, ఆ లెక్క ఆయనకు ఏనాడూ బరువనిపించలేదు. ఇప్పుడు తాడు చివర ఉన్నది కన్నకూతురు. ఆరేళ్ళుగా ప్రతి ఎక్కడానికీ ఆ లెక్క బరువు పెరుగుతూనే ఉంది. అయినా తట్టుకున్నాడంటే ఆ చేతుల వల్లే. చేతుల్లో తాడు ఉంటే కూతురు ఎక్కడ అడుగు వేసిందో, ఏ చేత్తో పానా తిప్పుతోందో, భయపడిందో లేదో కూడా ఆయనకు తెలిసిపోయేది. "గంట ఏదో పిల్ల ఏదో నా చేతులకు తెలియదూ?" అని చర్చి దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు. అక్కడ గంట మోగితే తాడు కూడా అదిరేది మరి.

ఏడాది కిందట ఒక పొద్దున భార్య పొయ్యి మీది గిన్నె దించమంటే దించాడు. గుడ్డ లేకుండా దించాడు. బల్ల మీద పెట్టి, చొక్కా వేసుకుని, బయటికి వెళ్ళి, పేపరు చదివి వచ్చాడు. అప్పుడు చూసుకున్నాడు, నాలుగు వేళ్ళకీ బొబ్బలు. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసి ఆయనకు గుండె జారిపోయింది.

డాక్టరు సూదితో గుచ్చి చూశాడు. షుగరు చాలా ఏళ్ళుగా ఉండి ఉంటుందన్నాడు, వేళ్ళలో నరాలు చచ్చుబడ్డాయన్నాడు, పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చన్నాడు. "ఈ చేతులతో ఏం పని చేస్తుంటారు?"

"గుమాస్తా పనండీ," అన్నాడు మేస్త్రి.

"అయితే ఫరవాలేదు. నిప్పు దగ్గర జాగ్రత్త."

ఎందుకలా అబద్ధమాడాడని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. నిజం చెబితే అమ్మడు మానదు, బామ్మర్దిని పిలుస్తుంది. చేపల ఘనుడి కంటే మొద్దుబారిన నా చేతులే నయం కదా! ఇలా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఇందులో కొంత నిజం ఉంది. మిగతా నిజం ఏమిటంటే, తాడు చేతిలోంచి పోతే ఆయన ఎవరు? షుగరు ఉన్న ఒక ముసలాయన, అంతే. ఆ మాట మాత్రం ఆయన లోలోపల కూడా అనుకోలేదు.

చేతులు పోయాయి కాబట్టి కళ్ళను పనిలో పెట్టాడు. తాడుకి కంటి ఎత్తున ఒక ఎర్ర గుడ్డపేలిక కట్టాడు. పైనుంచి లాగితే పేలిక ఎగురుతుంది. ఒకటి, రెండు, మూడు, లెక్కపెట్టుకోవచ్చు. "ఇదేంటి నాన్నా?" అంది అమ్మడు. "దిష్టికి," అన్నాడు. పిల్ల నవ్వేసింది.

ఈ ఏడు గురువారం నాడు గుడిలో ఆ పేలికతోనే నెట్టుకొచ్చాడు. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూశాడు. రెప్ప వెయ్యడానికి భయం. పూజారి గారు వచ్చి, "ఏం మేస్త్రీ, పలకరిస్తే పలకవే?" అన్నా తల తిప్పలేదు. కాస్త గాలి రేగితే చాలు, పేలిక ఊరికే కొట్టుకునేది, ఆయనకు ప్రాణం గిలగిల్లాడేది. పిల్ల దిగి నేల మీద కాలు పెట్టాక గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. "ఎండ," అన్నాడు అడిగినవాళ్ళకి.

శనివారం మసీదులో గాలి ఇంకా ఎక్కువ. పేలికను నమ్మే వీల్లేదు. అప్పుడు ఆయనకు తోచింది, చేతులకు లేని స్పర్శ బుగ్గకు ఉంది కదా అని. తాడుని చెంపకు ఆనించుకుని నిలబడ్డాడు. పైనుంచి లాగిన ప్రతి లాగుడూ దవడ ఎముకలో తెలిసింది. హమ్మయ్య అనుకున్నాడు.

మీనారు తలుపు తాళాలు తన దగ్గర ఉంచుకునే పెద్దాయన ఒకాయనుండేవాడు, అందరూ తాళాల తాత అనేవాళ్ళు. అరుగు మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఏం నాయనా, తాడుకి ముద్దులు పెడుతున్నావు?"

"మెడ పట్టేసింది తాతా."

తాత లేచి వచ్చి ఆయన కుడిచేతి చిటికెన వేలు గోటితో గట్టిగా గిల్లాడు. మేస్త్రి ఉలకలేదు, పలకలేదు. గిల్లినట్టు ఆయనకు తెలిస్తే కదా!

"నాకూ షుగరే," అన్నాడు తాత. "నాకు పాదాలు. దారిలో చెప్పు ఊడిపోతే ఇంటికొచ్చి చూసుకుంటే గానీ తెలీదు. నడిచేవాణ్ణి కాబట్టి చెప్పుతో పోయింది. నీది అలాంటిది కాదు. పిల్లకు చెప్పు."

"సోమవారం ఒక్కటీ అయిపోనివ్వండి తాతా. ఈ ఏటికి అదే ఆఖరు."

"ఒక్కటే కదా అనకు. పైనున్నది కూడా ఒక్కతే కదా."

మేస్త్రి సోమవారం పని అవగానే చెప్పేస్తానని తాత చేతిలో చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేసినట్టు కూడా కళ్ళతో చూసి తెలుసుకున్నాడు.

ఆదివారం ఇంట్లో అమ్మడు తాడంతా గదిలో పరిచి, గజం గజం చూస్తూ కూర్చుంది. ఎక్కడైనా పోగు తెగిందేమో, రాపిడికి మెత్తబడిందేమో చూడాలి. చూసి చూసి కళ్ళు నులుముకుంది. "నువ్వోసారి చూడు నాన్నా. నా కళ్ళ కంటే నీ వేళ్ళే నయం."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నోటి దాకా వచ్చింది కూడా. అంతలో భార్య వంటింట్లోంచి, "వీళ్ళిద్దరికీ తాడే సర్వం, నేనొకదాన్ని ఉన్నానని లేదు," అని సణిగింది. పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన తాడు అందుకున్నాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చాడు. ఏమీ తెలియలేదు. దూది పట్టుకున్నట్టుంది.

"బాగుంది," అన్నాడు.

ఆ రాత్రి ఆయనకు కునుకు పట్టలేదని వేరే చెప్పాలా?

సోమవారం చర్చి. అక్కడ పని బయట నిలబడి చెయ్యడానికి ఉండదు. పెంకుల కప్పు అంచు తాడుని కోసేస్తుంది. కాబట్టి శిఖరం అడుగున ఉన్న గదిలోనే నిలబడాలి. రాతిగోడల గది, ఒకటే కిటికీ, పగలు కూడా మసక. పైకప్పులో రెండు కన్నాలు. ఒక దాంట్లోంచి గంట తాడు దిగుతుంది, రెండో దాంట్లోంచి మేస్త్రి తాడు. ఆ తాడు గంటను మోసే దూలం పక్క నుంచే పైకి పోయి, చెక్క కిటికీలోంచి బయటపడి శిఖరం చివరికి చేరుతుంది. కింద గది మధ్యలో ఇనుప స్తంభం. దానికి చుట్లు చుట్టి నిలబడ్డాడు.

అమ్మడు నడుముకు పట్టీ బిగించుకుని, తండ్రి ముందు నిలబడి, "చూడు," అంది. ఆయన కొక్కెం చూశాడు, కళ్ళతోనే. తల ఊపాడు. పిల్ల మెట్లెక్కిపోయింది. అడుగుల చప్పుడు పైకి, ఇంకా పైకి పోయి, ఆగిపోయింది. అంటే పిల్ల కిటికీలోంచి బయటికి వెళ్ళింది. ఇక తాడే.

చెంపకు ఆనించుకున్నాడు. కాసేపు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మూడు లాగితే బిగించాడు. ఒకటి లాగితే ఆగాడు. కడ్డీ దగ్గరికి చేరింది, పని మొదలుపెట్టింది. ఇంకో అరగంట. దేవుడా, ఇంకో అరగంట. ఏ దేవుడని అడక్కండి, ముగ్గురికీ కలిపే మొక్కుకున్నాడు.

అప్పుడు తలుపు తోసుకుని గంటలమ్మ వచ్చింది. భర్త పోయాక ఆయన చేసే గంటల పని ఈవిడ చేతికొచ్చింది. పదిహేనేళ్ళుగా కొడుతోంది. రొప్పుతూ ఉంది.

"మేస్త్రన్నా, సాయంత్రం తెస్తామన్న శవపేటిక ఇప్పుడే తెచ్చేశారు. బంధువులకు రైలు టైమైపోతోందట. గుమ్మంలో ఉన్నారు. గంట కొట్టాలి."

ఆ చర్చిలో పోయినవాళ్ళ వయసెంతో అన్ని గంటలు కొడతారు. ఒక గంట, పది లెక్కపెట్టేంత ఆగడం, మళ్ళీ గంట.

"ఎంత వయసు?" అన్నాడు మేస్త్రి.

"ఎనభై ఒకటి. పిల్ల దిగేదాకా ఆగమంటే చెప్పు, ఫాదర్ గారికి చెప్పొస్తాను. ఆగుతారు, ఏం అనుకోరు."

చూశారా, ఎంత తేలికైన మాట అడిగిందో! "ఆగు చెల్లెమ్మా" అంటే సరిపోయేది. కానీ ఆరేళ్ళుగా ఆయన ఆ గదిలో ఎవరినీ ఆపమనలేదు. ఈ ఏడు ఎందుకు ఆపమన్నావని ఎవరైనా అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఆ చెప్పడం ఇక్కడ, ఇప్పుడు, శవం గుమ్మంలో ఉండగా. ఇదంతా ఆలోచించాడని కూడా కాదు. అలవాటైన మాట దానంతట అది బయటికొచ్చింది.

"మనకిది కొత్తా చెల్లెమ్మా? కొట్టు. గంట ఏదో పిల్ల ఏదో నా చేతులకు తెలియదూ?"

గంటలమ్మ తన తాడు అందుకుంది.

మొదటి గంటకే ఆయనకు తెలిసిపోయింది, ఎంత తప్పు చేశాడో. దూలం అదిరింది, దాంతోపాటు తాడు అదిరింది. చెంప మీద వణుకు, దవడలో వణుకు, చెవుల్లో హోరు. ఆ హోరు తగ్గేలోపు రెండో గంట. పేలిక వైపు చూశాడు. మసకలో అది ప్రతి గంటకీ తోక కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. మూడు. నాలుగు. ఒళ్ళంతా చెవి చేసుకున్నాడు. గంట కాని కదలిక కోసం వెతికాడు. ప్రతిదీ గంటలాగే ఉంది, ప్రతిదీ పిల్లలాగే ఉంది.

ఎనిమిదో గంట తర్వాత తాడు కుదుపు తెలిసింది. రెండు కుదుపులు. అవునా? రెండేనా? రెండంటే వదలమని. పని అయిపోయిందేమో, దిగుతోందేమో. దిగేటప్పుడు తాడు వదలకపోతే మనిషి తూలుతుంది. ఒక బార వదిలాడు.

పదమూడు. మళ్ళీ రెండు. ఇంకో బార వదిలాడు.

అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయని తాడు మీది తడి చూసి తెలుసుకున్నాడు. "ఆపు" అనాలని ఉంది. కిటికీలోంచి నల్లబట్టల్లో జనం కనిపిస్తున్నారు, తలలు దించుకుని, మౌనంగా. ఒక్క గొంతు లేదు. గంటలమ్మ కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకుంటూ కొడుతోంది. పంతొమ్మిది. ఇరవై. మళ్ళీ కుదుపులు. మళ్ళీ వదిలాడు.

ఇరవై నాలుగో గంటప్పుడు చూపు కిందికి పోయింది. స్తంభానికీ పైకప్పుకూ మధ్య తాడు బిగుతుగా ఉండాలి కదా? లేదు. ఉయ్యాలలా వేలాడుతోంది. తను వదిలిన తాడు ఒక్క జానెడు కూడా పైకి పోలేదు. మూడు బారల తాడూ అక్కడే, కళ్ళ ముందే ఉంది.

అంటే పిల్ల దిగడం లేదు. వదలమని అడగలేదు. మరి ఏమడుగుతోంది?

నెత్తి మీద పిడుగు పడ్డా ఆయనకు అంత భయం వేసేది కాదేమో. ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఇరవై ఆరో గంట మోగుతుండగానే భుజంతో గంటలమ్మను తోసేసి, తల పైకెత్తి, గొంతు చించుకుని అరిచాడు.

"అమ్మా! కదలకు! నా చేతులకు తెలియడం లేదు! నోటితో చెప్పు! నా చేతులు పోయాయి తల్లీ, నోటితో చెప్పు!"

ఆ కేక రాతిగోడలకు కొట్టుకుని పైకీ పోయింది, బయట జనంలోకీ పోయింది. దించిన తలలన్నీ ఒక్కసారి లేచాయి. గంట గాల్లోనే సన్నగా మూలుగుతూ ఆగిపోయింది.

పైనుంచి గాలి మోసుకొచ్చినట్టు ఒక గొంతు. ఆరేళ్ళలో అంత ఎత్తు నుంచి ఆ గొంతు ఆయన ఏనాడూ వినలేదు.

"బిగించు నాన్నా! మూడు లాగాను! ఎప్పట్నుంచో మూడే లాగుతున్నాను!"

ఎలా లాగాడో, ఎన్ని చేతులతో లాగాడో తెలియదు. ఒక బార. రెండు. మూడు. ఇంకో అర. తాడు తీగలా బిగిసింది. స్తంభానికి నాలుగు చుట్లు చుట్టి, ముడి వేసి, ఆ ముడి సరిగ్గా పడిందో లేదో కళ్ళు దగ్గర పెట్టి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. అప్పుడు గంటలమ్మ వైపు తిరిగి, ఆవిడ చేతులు రెండూ పట్టి తాడు మీద పెట్టాడు.

"ఏం తెలుస్తోంది చెల్లెమ్మా? నిజంగా చెప్పు."

"వణుకుతోందన్నా."

"అది పిల్ల. వణకనీ. ఇంకా?"

కాసేపటికి ఆవిడ అంది, "రెండన్నా. రెండుసార్లు లాగింది."

"రెండేనా?"

"రెండే. ఒట్టు."

"అయితే ముడి విప్పుతాను. చుట్ల మీద నుంచి మెల్లిగా వదులు. పైకి పోతోందా?"

"పోతోంది."

గంటల తాడు లాగి లాగి కాయలు కాసిన ఆ చేతులు అంగుళం అంగుళం అమ్మడిని దించాయి. మేస్త్రి పక్కన నిలబడి చెప్పడం తప్ప ఏమీ చెయ్యలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించేదాకా ఆయన ఊపిరి పీల్చాడో లేదో ఆయనకే తెలియదు.

పిల్ల వచ్చింది. మోచేతుల దగ్గర చర్మం గీరుకుపోయి నెత్తురు కారుతోంది. ముఖంలో రంగు లేదు. గుమ్మంలో ఎవరో పెద్దమనిషి, చనిపోయినావిడ కొడుకు కాబోలు, తొంగిచూసి, పిల్ల నేల మీద నిలబడి ఉండటం చూసి, వెనక్కి వెళ్ళాడు.

"ఎన్నో గంట దగ్గర ఆపామన్నా?" అంది గంటలమ్మ మెల్లిగా.

"ఇరవై ఆరు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని ఇరవై ఏడో గంట కొట్టింది.

అమ్మడు తండ్రిని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కాలి కింద కొక్కెం ఊడొచ్చింది," అని చెప్పింది, వేరెవరి సంగతో చెబుతున్నట్టు. "శిఖరాన్ని వాటేసుకుని బిగించమని లాగాను. నువ్వు వదిలావు. మళ్ళీ లాగాను. ఇంకా వదిలావు. నీకేదో అయ్యిందనుకున్నాను. గుండెపోటనుకున్నాను. పైన నా సంగతి మర్చిపోయి నీ కోసం ఏడ్చాను నాన్నా."

ఆయన చెయ్యి తీసుకుంది. "కళ్ళు మూసుకో." మూసుకున్నాడు. అడిగింది. "ఇదేది?"

"చూపుడు వేలు."

"ఇది?"

"ఉంగరం వేలు."

"నేనింకా ఏదీ పట్టుకోలేదు నాన్నా."

ఇంకో గంట మోగింది. ఆయన కళ్ళు తెరవలేదు.

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు వానల ముందు నుంచి."

పిల్ల లెక్క వేసుకుంది. ఆమె పెదవులు కదలడం గంటలమ్మ చూసింది. గుడి, మసీదు, ఇదే చర్చి, నగరం ఆ చివర ఉన్నవీ ఈ చివర ఉన్నవీ, ఒకటి, ఐదు, పది, ఇరవై. లెక్క పెరిగేకొద్దీ, పైన శిఖరం మీద వణికిన దానికంటే ఎక్కువగా, నేల మీద నిలబడి వణకడం మొదలుపెట్టింది.

"అయితే ఏడాదంతా నన్ను పట్టుకున్నదెవరు?"

మేస్త్రి కళ్ళు తెరిచి తన చేతుల వంక చూసుకున్నాడు.

"దేవుడేనమ్మా," అంది గంటలమ్మ, రెండు గంటల మధ్య విరామంలో. "ఇంకెవరు?"

"మూడు చోట్లా ఉన్నాడని నాకూ తెలుసత్తా. దేవుణ్ణి నమ్ముకుని నేనెప్పుడూ ఎక్కలేదు. కింద నాన్న ఉన్నాడని ఎక్కాను."

అని, వంగి, స్తంభం నుంచి తాడు విప్పి మోచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. రెండో చివర ఎప్పుడూ ఆయన పట్టుకునేవాడు. అలవాటుగా చెయ్యి చాచాడు. అమ్మడు ఆ చేతి వంక చూసింది. తాడు ఇవ్వలేదు.